అరవై రోజుల జ్యూసు, ఆ తరువాతి సంవత్సరాలు

ప్రియమిత్రునికి,

ఇక్కడ మేమంతా క్షేమంగా ఉన్నాము. అమ్మగారి మోకాళ్ల నొప్పులు కాస్త నెమ్మదించాయని నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు. నన్ను తప్పకుండా చూడమని నువ్వు రాసిన ఆ డాక్యుమెంటరీని చూశాను. దానికి కొనసాగింపుగా వచ్చిన రెండవ భాగాన్ని కూడా వెతికి చూశాను. కార్తీక మాసం మొదలుకాగానే నువ్వు కూడా అరవై రోజుల పాటు పండ్లరసాలూ కూరగాయల రసాలూ తప్ప మరేమీ తీసుకోకూడదని నిశ్చయించుకున్నావని, అందుకోసం జ్యూసరు కూడా కొన్నావని రాశావు కనుక, ఈ విషయం మీద నాకు తోచినదంతా దాచుకోకుండా నీకు రాయాలని కూర్చున్నాను. ఉత్తరం పొడవుగానే ఉంటుంది, తీరిక చూసుకుని చదువు.

ముందుగా చెప్పవలసినది, ఆ సినిమా నాకు నచ్చింది. 2010లో వచ్చిన ‘ఫ్యాట్, సిక్ అండ్ నియర్లీ డెడ్’ చిత్రాన్ని కేవలం జ్యూసర్లను అమ్ముకోవడానికి తీసిన ప్రచారచిత్రంగా కొట్టిపారేసేవారు ఉన్నారు గానీ, వారితో నేను ఏకీభవించలేను. ఆస్ట్రేలియాకు చెందిన వ్యాపారవేత్త జో క్రాస్ దాదాపు 140 కిలోల బరువుతో, ఏళ్ల తరబడి వదలని దద్దుర్ల జబ్బుతో, దానికోసం రోజూ మింగవలసి వచ్చే స్టెరాయిడ్ మాత్రలతో విసిగిపోయి, అమెరికా వెళ్లి అరవై రోజులు రసాల మీదనే గడుపుతాడు. మొదటి ముప్పై రోజులు న్యూయార్క్‌లో ఉంటాడు, తరువాతి ముప్పై రోజులు కారులో జ్యూసరు పెట్టుకుని దేశానికి అడ్డంగా ప్రయాణిస్తూ, దారిలో కనిపించినవారినల్లా ఏం తింటారు, ఎందుకు తింటారు, ఎంతకాలం బతుకుతామనుకుంటున్నారు అని అడుగుతాడు. ఆ సంభాషణలే చిత్రానికి ప్రాణం. తాము తినేది తమను దెబ్బతీస్తున్నదని ఎరిగి కూడా మారలేని మనుషులు కెమెరా ముందు అంత నిజాయితీగా మాట్లాడటాన్ని నేను ఇంతకు ముందు చూడలేదు. అతడు వారిలో ఎవరినీ చిన్నచూపు చూడడు, ఎవరికీ ఉపన్యాసం ఇవ్వడు. తన కథ చెప్పి, గ్లాసు చేతికిచ్చి, తాగి చూడమంటాడు, అంతే. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది.

అయితే నువ్వు నీ ఉత్తరంలో ఒక పేజీ నిండా జో క్రాస్ గురించి, అతడు తాగిన ఆకుపచ్చని రసంలోని కేల్ ఆకు, కీర దోసకాయ, సెలరీ, ఆకుపచ్చ ఆపిలు, నిమ్మ, అల్లం గురించి రాశావు గానీ, ఫిల్ స్టేపుల్స్ గురించి రెండు వాక్యాలే రాశావు. నా దృష్టిలో ఆ చిత్రానికి అసలు కథానాయకుడు ఫిల్. అరిజోనాలో లారీలు ఆగే చోట జోకు ఎదురైన ఈ డ్రైవరు బరువు 429 పౌన్లు, అంటే సుమారు 195 కిలోలు. ఎంతో అరుదైన ఆ దద్దుర్ల జబ్బే అతడికీ ఉండటం ఇద్దరినీ కలుపుతుంది. ఎప్పుడైనా అవసరమైతే ఫోన్ చేయమని జో తన నంబరు ఇచ్చి వెళ్లిపోతాడు. కొంతకాలానికి ఫిల్ నిజంగానే ఫోన్ చేసి, సాయం కావాలని అడుగుతాడు. జో ఆ ఫోను ఎత్తడమే గాక, మాట నిలబెట్టుకుని ఐయోవా రాష్ట్రానికి వెళ్లి, అతడికి వైద్యపరీక్షలు చేయించి, ఒక సరస్సు పక్కన అతడి చేత ఉపవాసం మొదలుపెట్టిస్తాడు. కొద్ది దూరం నడవడానికే ఆయాసపడే ఆ మనిషి తొంభై కిలోలకు పైగా తగ్గి, పరుగెత్తే స్థితికి వచ్చి, తన ఊరివారికి కూడా ఆరోగ్యం గురించి చెప్పే దశకు చేరుకుంటాడు. గుండెపోటు వచ్చిన తన అన్నదమ్ముణ్ణి ఈ దారికి తేవడానికి అతడు పడే తాపత్రయం చూస్తుంటే నా కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు నిన్ను ఒక విషయం ఆలోచించమంటాను. ఫిల్‌ను మార్చినది రసమా, ఆ ఫోను ఎత్తిన మనిషా? రసం ఎవరికైనా దొరుకుతుంది, జ్యూసరు బజారులో దొరుకుతుంది. తన కోసం ఖండాలు దాటి వచ్చి, రోజూ ఎలా ఉన్నావని అడిగే మనిషి, రక్తపరీక్షలు చూసే వైద్యుడు, తన మార్పును చూసి ఆశ్చర్యపోయే ఊరు, ఇవన్నీ ఒకే సమయంలో ఒక మనిషికి దొరకడం చాలా అరుదు. చిత్రం ఈ సంగతిని చూపిస్తుంది గానీ గట్టిగా చెప్పదు. చూసినవారి మనసులో మిగిలేది గ్లాసులోని ఆకుపచ్చ రంగు మాత్రమే. నీ ఉత్తరంలోనూ అదే మిగిలింది కాబట్టి నాకు బెంగగా ఉంది.

బరువు తగ్గే లెక్క సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే అరవై రోజుల్లో ముప్పై కిలోలు తగ్గుతానని నువ్వు నమ్మకంగా రాశావు. మన కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ రూపంలో సుమారు అరకిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది, దానిలోని ప్రతి గ్రామునూ అంటిపెట్టుకుని దాదాపు మూడు గ్రాముల నీరు ఉంటుంది. తిండి తగ్గించిన మొదటి కొద్ది రోజుల్లో ఈ నిల్వ కరిగి నీరు బయటకు పోతుంది కనుక, తూకం ముల్లు రెండు కిలోల వరకు చకచకా దిగుతుంది, మళ్లీ అన్నం తిన్న వారంలో అంతే చకచకా ఎక్కుతుంది. అసలైన కొవ్వు కరగడం వేరు. ఒక కిలో కొవ్వు పోవాలంటే సుమారు 7,700 కేలరీల లోటు ఏర్పడాలి. 140 కిలోల మనిషి శరీరానికి రోజుకు మూడు వేల కేలరీలకు పైగా అవసరం పడుతుంది కాబట్టి, వెయ్యి కేలరీల రసం తాగినా అతడికి రోజుకు రెండు వేల లోటు ఉంటుంది, నాలుగు రోజులకు ఒక కిలో పోతుంది. నీ బరువు 84 కిలోలు, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. నీ శరీరం అడిగేది రెండు వేల పైచిలుకు మాత్రమే. అదే రసం తాగితే నీకు కిలో తగ్గడానికి ఆరేడు రోజులు పడుతుంది, ఆ తగ్గినదానిలో కూడా కొంత కొవ్వు కాక కండ ఉంటుంది. జో క్రాస్ అంత వేగంగా తగ్గడానికి రసం ఎంత కారణమో, అతడు మోస్తున్న బరువు కూడా అంత కారణం. మొత్తం మీద అతడు తగ్గినది దాదాపు 45 కిలోలు అంటారు. నువ్వు అంత తగ్గితే మాకు మిగలవు.

కండ పోవడం చిన్న విషయం కాదు, దీన్ని కొంచెం వివరంగా రాయనివ్వు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి రోజుకు కిలో శరీర బరువుకు సుమారు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని చెబుతున్నది. రోజంతా ఎన్ని రకాల రసాలు తాగినా అందులో సగానికి చేరడం కూడా కష్టం. పప్పు, పెరుగు, గుడ్డు, చేప ఏవీ లేకుండా రెండు నెలలు గడిపితే శరీరం తన కండరాలనే కరిగించుకుని వాడుకుంటుంది. యాభై దాటిన మనకు ఒకసారి పోయిన కండ మళ్లీ రావడం ఎంత కష్టమో, అమ్మగారు కుర్చీలోంచి లేవడానికి పడే అవస్థను రోజూ చూస్తున్న నీకు నేను చెప్పనవసరం లేదు.

పండును రసంగా మార్చినప్పుడు పోయేది పీచు. నాలుగు బత్తాయిలను ఒలుచుకుని తొనలు తినాలంటే పావుగంట పడుతుంది, కడుపు నిండుతుంది. అవే నాలుగు బత్తాయిల రసం రెండు నిమిషాల్లో గొంతు దిగుతుంది, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి చేరుతుంది, గంటకే ఆకలి వేస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర వాడకం మీద ఇచ్చిన మార్గదర్శకాలలో, పండులో సహజంగా ఉన్న చక్కెరను విడిచిపెట్టి, పండ్లరసంలోని చక్కెరను మాత్రం మనం చేత్తో కలుపుకునే చక్కెరతో సమానంగానే లెక్కించింది. ఇక శరీరంలో పేరుకున్న విషాలను రసాలు కడిగేస్తాయని చాలామంది చెప్పే మాట ఉన్నది గదా, ఆ పనిని కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్లు చేస్తూనే ఉంటాయి. వాటికి రసం అదనంగా చేసే సాయం ఏదీ రుజువు కాలేదు.

అంతేకాదు, రసాలన్నీ నిరపాయమైనవనుకోవడం కూడా సరికాదు. రోజూ పచ్చి పాలకూరను దోసిళ్లకొద్దీ రసం తీసి తాగితే అందులోని ఆక్సలేట్లు అనే పదార్థాలు మూత్రపిండాలలో పేరుకుని, అవి దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. నీకు పదేళ్ల క్రితం కిడ్నీలో రాయి వచ్చింది, మరిచిపోకు. సొరకాయ రసం గురించి కూడా నువ్వు రాశావు. సొరకాయ చేదుగా ఉంటే అందులో కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలు ఉన్నాయని అర్థం. ఆ చేదునే మందు అనుకుని తాగి మన దేశంలో ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. ముక్క కోసి నాలుక మీద పెట్టుకుని చేదు తగిలితే ఆ కాయను పారవేయమని చెల్లెమ్మకు చెప్పు, ఇది కూరకు కూడా వర్తిస్తుంది.

జో క్రాస్ దద్దుర్లు తగ్గి మందులు మానేయగలిగాడన్న భాగం నిన్ను బాగా ఆకట్టుకున్నదని అర్థమైంది. అది నిజమే, నేను కాదనను. కానీ ఎందుకు తగ్గాయన్నది ఒక మనిషిని చూసి చెప్పలేము. అంత బరువు తగ్గినప్పుడు శరీరంలోని వాపు లక్షణాలు సాధారణంగా తగ్గుతాయి, బయటి తిండి మొత్తం మానేశాడు, నిద్ర మారింది, జీవించే తీరు మారింది, దీర్ఘకాలపు దద్దుర్లు చాలామందికి కొన్నేళ్లకు వాటంతట అవే శాంతిస్తాయి కూడా. వీటిలో ఏది ఎంత పని చేసిందో ఎవరు చెప్పగలరు? మరొక ముఖ్యమైన సంగతి, అతడు మందులు తగ్గించినది జోయెల్ ఫ్యూర్‌మన్ అనే వైద్యుని పర్యవేక్షణలో. స్టెరాయిడ్ మాత్రలను ఎక్కువకాలం వాడినవారు వాటిని ఒక్కసారిగా ఆపితే, శరీరం తనకు కావలసిన స్టెరాయిడ్ హార్మోనును తనంతట తాను తయారు చేసుకోలేక ప్రాణాపాయం రావచ్చు. తెరమీద ఒక నిమిషంలో గడిచిపోయే ఈ విషయం అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసినది.

నీ సంగతికి వద్దాం. నువ్వు షుగరుకు ఉదయం గ్లిమిపిరైడ్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ మాత్రలు, రాత్రి బి.పి. మాత్ర వేసుకుంటున్నావు. గ్లిమిపిరైడ్ నువ్వు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. అన్నం మానేసి ఆ మాత్ర వేసుకుంటే, పండ్లరసంతో ఒక గంట చక్కెర పెరిగి, తరువాతి గంటల్లో ప్రమాదకరంగా పడిపోవచ్చు. నువ్వు పొద్దున్నే స్కూటరు మీద పదిహేను కిలోమీటర్లు వెళ్లేవాడివి. నాకు ఈ ఉత్తరం రాయాలనిపించడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. డాక్టరుకు చెప్పకుండా ఒక్క రోజు కూడా మొదలుపెట్టవద్దని నిన్ను వేడుకుంటున్నాను.

ఉపవాసం మనకు కొత్త కాదని, ప్రకృతి చికిత్సలో తేనె నిమ్మరసం మీద వారాల తరబడి ఉన్నవారు ఉన్నారని నువ్వు అంటావని తెలుసు. నిజమే, కృష్ణ ఒడ్డున ఉండవల్లి దగ్గర ఉన్న మంతెన సత్యనారాయణ రాజు గారి ఆశ్రమానికి మన బంధువులలో ఎందరో వెళ్లి వచ్చారు. అక్కడికి వెళ్లినవారు చెప్పేది జాగ్రత్తగా వింటే, రోజువారీ దినచర్య, పక్కన అదే పని చేస్తున్న పదిమంది, అడిగితే చెప్పేవారు, ఉపవాసం విరమించేటప్పుడు మెల్లమెల్లగా ఆహారంలోకి తీసుకురావడం, ఇవే వారికి గుర్తున్నాయి. చాలా రోజుల ఉపవాసం తరువాత ఒక్కసారిగా కడుపునిండా తింటే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇంట్లో ఒంటరిగా రెండు నెలలు చేసి, చివరి రోజున పులిహోరతో విరమించే పద్ధతికీ దానికీ పోలిక లేదు.

రెండవ భాగం నువ్వు చూడలేదన్నావు, దయచేసి చూడు. 2014లో వచ్చిన ఆ చిత్రంలో ఫిల్ తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి పెరిగిపోయి కనిపిస్తాడు. ఆ దృశ్యాన్ని దాచకుండా చూపించినందుకు జో క్రాస్ మీద నాకు గౌరవం మరింత పెరిగింది. మొదటి చిత్రం చూసి వేలమంది ఫిల్‌ను ఆదర్శంగా తీసుకున్నారు, అతడు ఊరూరా మాట్లాడాడు, ఆ తరువాత ఆ కెమెరాలు, ఆ పిలుపులు తగ్గిపోయాయి, జీవితం తన మామూలు కష్టాలతో తిరిగి వచ్చింది. అతణ్ణి బలహీనుడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అమెరికాలోని ఒక టీవీ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తరువాత కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం పరీక్షించి 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వారి శరీరాలు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి, వారి బరువుకు ఉండవలసినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగా ఉన్నది. అంటే ఆరేళ్ల తరువాత కూడా శరీరం పోయిన బరువును తిరిగి తెచ్చుకోవాలని చూస్తూనే ఉన్నది. మనిషి ఒంటరిగా ఇంత బలమైన దానితో ఎంతకాలం పోరాడగలడు చెప్పు?

పూర్తిగా వేరే కథ కూడా ఒకటి ఉన్నది, ప్రస్తావన వచ్చింది కనుక రాస్తున్నాను. స్కాట్లాండుకు చెందిన ఆంగస్ బార్బియేరి అనే యువకుడు 1965, 66 సంవత్సరాలలో డండీ వైద్యుల పర్యవేక్షణలో 382 రోజులు ఘనాహారం లేకుండా, నీరు, పాలూ చక్కెరా లేని టీ కాఫీలు, విటమిన్లు, పొటాషియం వంటివాటితో గడిపి, 207 కిలోల నుంచి 82 కిలోలకు తగ్గాడు. ఐదేళ్ల తరువాత చూస్తే ఏడు కిలోలు మాత్రమే పెరిగాడు. వినడానికి అద్భుతంగా ఉంటుంది గానీ, ఆ కాలంలో ఇలాంటి దీర్ఘోపవాసాలు చేసినవారిలో మరణాలు కూడా సంభవించడంతో వైద్యులు ఆ పద్ధతిని వదిలిపెట్టారు.

నీకు నిజంగా ఆశ కలిగించే విషయం మరొకటి ఉన్నది, దానికోసమే ఇంత దూరం వచ్చాను. బ్రిటన్‌లో ‘డైరెక్ట్’ అనే పరిశోధన జరిగింది, ఫలితాలు 2017 చివరిలో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివారిని తీసుకుని, మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం ఇచ్చారు. అయితే అది పండ్లరసం కాదు, మాంసకృత్తులు, విటమిన్లు తగినంత కలిపి తయారు చేసిన షేకులు, సూపులు. షుగరు మాత్రలు, బి.పి. మాత్రలు మొదటి రోజునే వైద్యులే ఆపివేశారు. తరువాత కొద్దికొద్దిగా మామూలు భోజనంలోకి తెచ్చి, ఆ పైన నెలనెలా నర్సు గానీ ఆహార నిపుణురాలు గానీ పిలిచి మాట్లాడుతూ వచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలోనైతే 86 శాతం మందికి వచ్చింది. రెండవ ఏడాదికి మొత్తం మీద 36 శాతం మందిలో ఆ ఫలితం నిలిచింది. నీకు షుగరు బయటపడి నాలుగేళ్లే అయింది. అందువల్ల బరువు తగ్గాలన్న నీ కోరిక నూటికి నూరుపాళ్లు సరైనది, నేను దానికి అడ్డుపడటం లేదు. తోడుగా వైద్యుడు, మాంసకృత్తులు, నెలనెలా అడిగే మనిషి ఉండాలని మాత్రమే అంటున్నాను.

ఆ అడిగే మనిషిగా నేను ఉంటాను. నీకు అభ్యంతరం లేకపోతే ప్రతిరోజూ పొద్దున ఆరింటికి నేను గోదావరి గట్టు మీద నడిచేటప్పుడు నీకు ఫోన్ చేస్తాను, నువ్వు మీ కాలనీ పార్కులో నడుస్తూ మాట్లాడు. ఆదివారం ఉదయం తూకం చూసుకుని ఆ అంకె నాకు చెప్పు, పెరిగినా చెప్పు. రాత్రి అన్నం బదులు పెసరపప్పు వేసిన తోటకూర, ఒక గిన్నె పెరుగు, ఒక పండు తీసుకుంటే ఎలా ఉంటుందో డాక్టరును అడుగు. కొన్న జ్యూసరు వృథా కాదు, వారానికి రెండు మూడు సార్లు క్యారెట్టు, కీర దోసకాయ, టమాటాలతో చెరొక చిన్న గ్లాసు తీసుకోండి, పిప్పి పారవేయకుండా చపాతీ పిండిలో కలుపుకోండి.

వచ్చే వారం నీ డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మూడు నెలల షుగరు పరీక్ష, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని వెళ్లు. వేసుకునే మాత్రల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ద్రవాహారం గురించి, బరువు తగ్గే కొద్దీ మాత్రల మోతాదు ఎలా మార్చాలో దాని గురించి సూటిగా అడుగు. ఆయన ఏమన్నారో ఆ రోజు రాత్రే నాకు ఫోన్ చేసి చెప్పు, ఎంత ఆలస్యమైనా మెలకువగానే ఉంటాను.

అమ్మగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
నీ మిత్రుడు